వార్షిక నివేదిక: పెద్దలూ పిల్లలూ కలిసి కూర్చున్న ఏడాది

గౌరవ సభ్యులకు నమస్కారం.

పెద్దల్నీ పిల్లల్నీ ఒకచోట కూర్చోబెట్టడానికే ఈ సంఘం పెట్టుకున్నామని మీకు తెలిసిందే, నేరుగా పనుల్లోకి వస్తాను. ఆదివారం ముచ్చట్లు ఈ ఏడాదీ ఆగలేదు. బతుకమ్మ రోజుల్లో అమ్మమ్మలు పాట అందిస్తే ఆడపిల్లలు నోటుబుక్కుల్లో రాసుకున్నారు. నవంబర్‌లో డిగ్రీ పిల్లలు పెన్షనర్ల ఇళ్లకు వెళ్లి ఫోన్‌లో ముఖం చూపించి జీవన్ ప్రమాణ్ (పెన్షన్ కోసం ఏటా ఇచ్చే, బతికున్నట్టు ధ్రువపత్రం) పూర్తి చేయించారు. వేలిముద్రలు అరిగిపోయిన పెద్దలకు ఆ టెన్షన్ తప్పింది.

అక్టోబర్ 1, అంతర్జాతీయ వృద్ధుల దినోత్సవం గురించి మాత్రం వివరంగా రాయాలి. ఆ రోజు ఒక బాబు మర్రిగూడ వైపు నుంచి వచ్చిన పెద్దాయన్ని "తాతా, నీ కాళ్లెందుకు వంగినయ్?" అని అడిగాడు. టీచర్ వారించబోతే ఆయనే "అడగనియ్యి సార్" అన్నారు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడని ఫ్లోరైడ్ అంతకు ఎన్నో రెట్లున్న బోరు నీళ్లు చిన్నప్పటి నుంచి తాగిన సంగతి చెప్పారు. తర్వాత గాజు జాడీలో నీళ్లు పోయించి సున్నం, పటిక, చిటికెడు బ్లీచింగ్ పౌడర్ వేయించారు. ముందు జోరుగా, తర్వాత మెల్లగా తిప్పించి గంటసేపు కదలనివ్వలేదు. తెల్లటి మడ్డి అడుగుకు దిగింది. ఆయన మెడ వంచలేరు, అందుకని తొమ్మిదో తరగతి అమ్మాయి జాడీని ఎత్తి ఆయన కళ్ల ముందు పట్టుకుంది. నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించడానికి నాగపూర్‌లోని 'నీరి' (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు రూపొందించిన ఈ పద్ధతికి 'నల్గొండ టెక్నిక్' అని మన ఊరి పేరే ఉందని ఆ పిల్లల్లో ఒక్కరికీ తెలియదు. నల్లా నీళ్లు తాగి పెరిగినవాళ్లు, ఎవరో ఒకరు చెప్పాలి కదా.

జమాఖర్చుల పట్టిక ఆడిట్ సంతకంతో జత చేశాం. చందా బాకీలు సభలోపు కట్టగలరు.

ఒక బాధ చెప్పక తప్పదు. వాట్సాప్ గ్రూపులో "నేనున్నా" అని పెట్టిన యువకుల్లో సగం మంది కుర్చీలు వేసే వేళకు ఫోన్ ఎత్తలేదు. హాలు ఇప్పిస్తామన్న అధికారి చుట్టూ నాలుగుసార్లు తిరిగాం, ఇప్పటికీ చెట్టు కిందే కూర్చుంటున్నాం.

టీ ఖర్చు భరించిన దాతలకు, పిల్లల్ని పంపిన తల్లిదండ్రులకు, మైక్ ఉచితంగా ఇచ్చిన తమ్ముడికి, ఎండలో నడిచి వచ్చిన ప్రతి పెద్దమనిషికి కృతజ్ఞతలు.

ఆ ఫ్లోరైడ్ నీళ్లు తాగిన పెద్దల మాటలు ఫోన్లలో రికార్డు చేయాలనుకుంటున్నాం. ఆదివారాలు నిజంగా రాగలిగినవాళ్లే సభలో పేర్లివ్వండి.

కార్యదర్శి,
నల్గొండ