స్టోరేజ్ ఎక్కువుంటే మంచిదే, కానీ ఏ స్టోరేజ్?

ఎడిటర్ గారికి నమస్కారం,

మొన్న మీ టెక్నాలజీ పేజీలో టీవీకి పెట్టుకునే స్ట్రీమింగ్ బాక్సుల మీద వ్యాసం వేశారు కదా, చదివాను, బాగానే ఉంది. కాకపోతే స్టోరేజ్ దగ్గరికొచ్చేసరికి ఎంత ఎక్కువుంటే అంత మంచిదన్నట్టు ఒక్క ముక్కలో తేల్చేశారు, అక్కడ మాత్రం నాకు చురుక్కుమంది, ఎందుకంటే అచ్చం అదే మాట నమ్మి నేనోసారి బాగా దెబ్బతిన్నాను, అది తర్వాత చెప్తాను.

ముందు అసలు డబ్బా మీద రాసే జీబీలు దేనికో చెప్పాలి. 2 జీబీ, 8 జీబీ అని రెండు నంబర్లుంటాయి, మొదటిది ర్యామ్, రెండోది స్టోరేజ్. ఆ 8లో సిస్టమ్ తినేది పోగా మనకి మిగిలేది సుమారు సగమే, నాలుగైదు ఓటీటీ యాప్‌లు వేసి రెండు మూడు అప్‌డేట్లు వచ్చేసరికి ఖాళీ లేదని మొరాయిస్తుంది. గూగుల్ 2020లో తెచ్చిన క్రోమ్‌కాస్ట్ అనే బాక్సులో ఇచ్చింది ఈ 8 జీబీయే, జనం గొడవ పెట్టాక 2024 నాటి గూగుల్ టీవీ స్ట్రీమర్‌లో 32 ఇచ్చారు. యాపిల్ వాళ్లది ఇంకో రకం, 2022 మోడల్లో 64, 128 అని రెండున్నాయి, కానీ నెట్ వైరు పెట్టుకునే పోర్టు 128దానికే ఉంటుంది, అంటే స్టోరేజ్ అక్కర్లేకపోయినా వైరు కోసం పెద్దది కొనాలన్నమాట!

ఈ లెక్కంతా యాప్‌ల కోసం. సినిమాలు దాచుకోడానికి అనుకుంటే పొరపాటే. ఓటీటీల్లో డౌన్‌లోడ్ అనేది ఎక్కువగా ఫోన్లలోనూ ట్యాబ్‌లలోనే, టీవీ యాప్‌లలో చాలావాటికి ఆ బటనే ఉండదు. కాబట్టి ఓటీటీ తప్ప ఇంకేం చూడని ఇంటికి 16 గానీ 32 గానీ ఉంటే శుభ్రంగా సరిపోతుంది, అంతకుమించి డబ్బులు పెట్టడం దండగ.

సొంత వీడియోలున్నవాళ్ల సంగతి వేరు. సెకనుకి 25 మెగాబిట్ల 4కె వీడియో గంటకి 11 జీబీ పైనే అవుతుంది, ఆ లెక్కన 64 జీబీ బాక్సులో పట్టేది మహా అయితే ఐదు గంటలు. అందుకే వీళ్లకి కావాల్సింది హార్డ్ డిస్క్. 2007లో వచ్చిన మొట్టమొదటి యాపిల్ టీవీలో 40 జీబీ డిస్క్ ఉండేది, 2010 మోడల్లో తీసేశారు. ఎన్‌విడియా వాళ్లు 2015లో షీల్డ్ ప్రో అనే తమ బాక్సులో 500 జీబీ డిస్క్ పెట్టారు, 2019 ప్రోకి వచ్చేసరికి 16 జీబీకి దిగిపోయి, డిస్క్ కావాలంటే వెనకున్న యూఎస్‌బీ పోర్టుకి తగిలించుకోండి అన్నట్టు వదిలేశారు. చేసేవాళ్లే లోపలి డిస్క్ ఎందుకు వదులుకున్నారా అని నేను కొనే ముందు ఒక్కసారి ఆలోచించి ఉండాల్సింది.

ఆలోచించలేదు. లోపలే డిస్క్ ఉన్న బాక్స్ కొన్నాను (కంపెనీ పేరెందుకులెండి), పిల్లల చిన్నప్పటి వీడియోలన్నీ అందులోకి ఎక్కించేశాను, రిమోట్ నొక్కితే వచ్చేస్తున్నాయి, ఇంట్లో అందరికీ సంబరమే. రెండేళ్లు తిరక్కుండా ఒకరోజు లైటు కూడా వెలగడం మానేసింది. డిస్క్ బాగానే ఉందిగా, ఊడదీసి కంప్యూటర్‌కి పెడితే సరిపోతుందిలే అనుకున్నాను, పెడితే ఫార్మాట్ చెయ్యమంటావా అని అడిగింది. రిపేరు కుర్రాడు అప్పుడు చెప్పాడు అసలు విషయం, ఆండ్రాయిడ్ 6 నుంచి డిస్క్‌ని బాక్స్ సొంత స్టోరేజ్ లాగా కలుపుకునే పద్ధతొకటి వచ్చిందట, అలా కలిపితే డిస్క్ మొత్తం తాళం వేసినట్టు ఎన్‌క్రిప్ట్ అయిపోతుంది, ఆ తాళంచెవి బాక్స్ లోపలే ఉంటుంది, బోర్డు పోయిందంటే చెవీ పోయినట్టే. బోర్డు మార్చి ఇస్తాం కానీ డేటాకి హామీ లేదన్నారు. కొన్ని వీడియోలు పాత ఫోన్లో దొరికాయి, మిగతావి దొరకలేదు.

అందుకని ఇప్పుడు ఎవరైనా నన్నడిగితే బాక్స్ వేరు డిస్క్ వేరు కొనుక్కోమంటాను. బాక్సుకి యూఎస్‌బీ 3 పోర్టు ఉండాలి, డిస్క్ పెట్టగానే ఎలా వాడుకోమంటావు అని అడిగినప్పుడు పోర్టబుల్ అనేది ఎంచుకోవాలి, అప్పుడు అదే డిస్క్ కంప్యూటర్‌లో కూడా తెరుచుకుంటుంది. డిస్క్‌ని ఎఫ్ఏటీ32 అనే పాత పద్ధతిలో ఫార్మాట్ చేస్తే ఒక్కో ఫైలు 4 జీబీ దాటనివ్వదు, పెద్ద వీడియో సగంలో ఆగిపోతే చాలామంది డిస్క్ పాడైందనుకుంటారు. ఎక్స్‌ఫ్యాట్ అయితే ఆ బాధ లేదు, కాకపోతే బాక్స్ దాన్ని చదువుతుందో లేదో కొనేముందే చూసుకోవాలి. ఇంకోటి, చిన్న డబ్బాలో తిరిగే డిస్క్ పెడితే వేడి, రాత్రిపూట గిర్రుమని చప్పుడు, పడగ్గదిలో అయితే నిద్రపట్టదు.

పేరూ ఊరూ లేని బాక్సుల గురించి మాత్రం మీరు గట్టిగా రాయాల్సింది. చవగ్గా 256 జీబీ అంటారు, సెట్టింగ్స్‌లో కూడా అలాగే కనపడేలా చేస్తారు, నిజంగా ఫైళ్లు నింపి మళ్లీ తెరిచి చూస్తే గానీ గుట్టు బయటపడదు. పైగా చాలావాటికి వైడ్‌వైన్ ఎల్1 (ఓటీటీ బొమ్మ పూర్తి క్వాలిటీలో రావడానికి బాక్సుకి ఉండాల్సిన అనుమతి) ఉండదు, అది లేకపోతే టీవీ 4కె అయినా ఓటీటీ బొమ్మ మసగ్గానే వస్తుంది. అంతకంటే పెద్ద ప్రమాదం ఇంకోటుంది, ఇలాంటి బాక్సుల్లో కొన్నిటిలోకి మాల్‌వేర్, అంటే హాని చేసే సాఫ్ట్‌వేర్, అమ్మకముందే చేరిపోతోందని 2025 జూన్‌లో అమెరికా ఎఫ్‌బీఐ బ్యాడ్‌బాక్స్ 2.0 పేరుతో హెచ్చరిక ఇచ్చింది, అలాంటిది ఇంట్లో వైఫైకి కలిపితే మన నెట్ వాడుకుని ఎవడెవడో ఏం చేస్తున్నాడో మనకి తెలీదు.

ఈసారి బాక్సుల పట్టిక వేసినప్పుడు జీబీల పక్కన ఇంకో గడి కూడా పెట్టమని మనవి, డిస్క్ ఊడదీసి వేరే కంప్యూటర్‌కి పెడితే తెరుచుకుంటుందా లేదా అని.

ఇట్లు,
మీ పాఠకుడు