ముందు చేను గురించి అడగండి

సంపాదకులకు నమస్కారం.

నేను గుంటూరు బ్రాడీపేటలో ఉంటున్న విశ్రాంత ఉపాధ్యాయురాలిని. నాకు రెండు చోట్ల పొలం ఉంది. కొల్లిపర మండలంలో మా నాన్నగారు పసుపు కుంకుమల కింద ఇచ్చిన ఎకరా డెబ్బై సెంట్ల మాగాణి ఒకటి, సత్తెనపల్లి దగ్గర మావారు కొన్న మూడెకరాల మెట్ట ఇంకొకటి. 2022లో జిల్లాలు విడదీశాక మాగాణి గుంటూరు జిల్లాలోనే ఉండిపోయింది, మెట్ట పల్నాడు జిల్లాలోకి వెళ్లింది. రెండూ కౌలుకే ఇచ్చాను.

మా మనవడు ఇంజినీరింగు మూడో ఏడాది. కాలేజీ ప్రాజెక్టు కింద భూయజమానుల కోసం ఒక వెబ్‌సైటు తయారు చేస్తున్నాడు. పొలం వివరాలు నింపితే ఆ భూమికి ఆదాయం తెచ్చే పథకాలు, సోలార్ లీజులు, కలప కొనే మిల్లులు అన్నీ ఒకచోట కనిపిస్తాయట. దాన్ని ఆన్‌లైన్ సంత అంటున్నాడు. సంత అంటే నాకు ఎడ్ల సంతే గుర్తొస్తుంది. కొనేవాడు ముందు పళ్లు పట్టి చూస్తాడు, నాలుగడుగులు నడిపించి చూస్తాడు, ధర మాట ఆ తర్వాతే. వీడి సంతలో మొదటి పేజీ తెరిస్తే పథకాల పేర్లు, పక్కన పచ్చటి చేలో నవ్వుతున్న రైతు బొమ్మ. వాడికి చెప్పిన నాలుగు మాటలు ఇలాంటి పనిలో ఉన్న మిగతా వాళ్లకూ పనికొస్తాయేమోనని ఈ ఉత్తరం.

పథకం పేరు తెలిస్తే నేను వెబ్‌సైటుకు ఎందుకు వస్తాను? నాకు తెలిసింది నా సర్వే నంబరు. అది కొడితే ప్రభుత్వ భూరికార్డుల సైటు మీభూమిలో విస్తీర్ణం, పట్టాదారు పేరు, నీటి ఆధారం వచ్చేస్తాయి. మళ్లీ అవన్నీ నన్నే నింపమనడం దండగ. కొన్ని సైట్లలో సత్తెనపల్లిని ఇంకా గుంటూరు జిల్లా కిందే వెతకాలి. అడగవలసింది అడంగల్లో, అంటే ఊరి సాగు లెక్కల రికార్డులో, దొరకనిది. చేను మెరకా, పల్లమా? బండి దారి ఉందా? సాగర్ కాలువ నీళ్లు నిజంగా ఎక్కుతాయా, కాగితం మీద మాత్రమేనా? నా మెట్టకు ఎక్కవు. కాలువ కనబడుతూనే ఉంటుంది, నీళ్లు మాత్రం పక్క చేను దగ్గరే ఆగిపోతాయి.

రెండో మాట. రానిదాన్ని ముందే రాదని చెప్పండి. రైతు ఖాతాలో కేంద్రం డబ్బు వేసే పీఎం కిసాన్ 2019లో మొదలైంది, ఏడాదికి 6,000 రూపాయలు, మూడు విడతలు. పాసుపుస్తకం నకళ్లు, ఆధారు, బ్యాంకు పుస్తకం పట్టుకుని నేను మూడు సార్లు తిరిగాను. మూడోసారి కుర్చీలో కూర్చున్న అబ్బాయి తలెత్తకుండానే, 'మీకు పింఛను ఎంతొస్తుందండీ?' అని అడిగాడు. నెలకు 10,000 లేదా అంతకు పైన పింఛను తీసుకునేవాళ్లకు అది రాదు. న్యాయమే, నాకు రాకపోయినా ఫరవాలేదు. ఆ ఒక్క ప్రశ్న మొదటి రోజే అడిగి ఉంటే రెండుసార్ల ఆటో ఛార్జీలు, మోకాళ్ల నొప్పి తప్పేవి. వెబ్‌సైటులో అర్హతలు పెద్ద అక్షరాల్లో, అనర్హతలు చీమ తలకాయంత అక్షరాల్లో ఎందుకుంటాయో నాకు అర్థం కాదు.

సోలార్ సంగతీ అంతే. రైతుల సౌర విద్యుత్తు కోసం కేంద్రం పెట్టిన పీఎం కుసుమ్‌లో రైతు తన భూమిలో 500 కిలోవాట్ల నుంచి 2 మెగావాట్ల దాకా ప్లాంటు పెట్టుకోవచ్చు, లేదా పెట్టేవాళ్లకు భూమి లీజుకు ఇవ్వచ్చు. మెగావాటుకు నాలుగైదు ఎకరాలు పడుతుంది. సబ్‌స్టేషన్‌కు 5 కిలోమీటర్ల లోపు ఉండాలి. నా చేను గట్టు మీద నిలబడితే సబ్‌స్టేషన్ స్తంభాలు కనబడతాయి. కాబట్టి నన్ను అడగవలసిన ప్రశ్న, సబ్‌స్టేషన్ ఎంత దూరమని. 'మీకు సౌరశక్తి మీద ఆసక్తి ఉందా?' అని అడిగితే ఎవరైనా ఉందనే అంటారు. (కలప మాటకొస్తే, పక్క చేలో సుబాబుల్ చెట్లు వేశారు. మూడు నాలుగేళ్లకు గాని డబ్బు చేతికి రాదు. నా వయసుకు అది కుదరదు.)

ఇక అసలు విషయం. సోలార్ మాట ఎత్తగానే నా మెట్ట చేస్తున్న కౌలుదారు కాసేపు ఏమీ మాట్లాడలేదు. పత్తి గూడలు చేతిలో నలుపుతూ, 'అయితే వచ్చే ఏడు నేను వేరే చేను చూసుకోవాలా, టీచరమ్మ గారూ?' అన్నాడు. పదకొండేళ్లుగా ఆ చేను అతనిదే. ఎక్కడ నీరు నిలుస్తుందో, ఎక్కడ గులాబీ పురుగు ముందు పడుతుందో అతనికే తెలుసు. మా మనవడి సంతలో అతనికి ఒక్క గడి కూడా లేదు. యజమాని ఉన్నాడు, కంపెనీ ఉంది, పథకం ఉంది, చేను చేసేవాడే లేడు.

2019 పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం పదకొండు నెలల ఒప్పందం మీద యజమాని సంతకం పెడితే కౌలు రైతుకు కార్డు వస్తుంది. పంట రుణం అడగడానికి, బీమాకు అదే ఆధారం. యాజమాన్య హక్కుకు ఏ నష్టమూ ఉండదు. అయినా సంతకం అనగానే నాలాంటి వాళ్లలో చాలామంది తప్పుకుంటారు. 1956 కౌలు చట్టం చూపించి, భూమి కౌలుదారు పాలవుతుందని పెద్దలు పెట్టిన భయం అది. నేనూ రెండేళ్లు తప్పించుకున్నాను, ఒప్పుకుంటున్నాను. వెబ్‌సైటు నిజంగా మేలు చేయాలనుకుంటే ఆ ఒప్పందం నమూనా తెలుగులో మొదటి పేజీలో పెట్టాలి. లీజు వివరాల పక్కనే, ఇప్పుడు చేస్తున్నవాడికి ఎన్ని నెలల ముందు చెప్పాలి, నిలబడి ఉన్న పంట సంగతి ఏమిటి అని కూడా అడగాలి.

ఇది కొత్త కోరికేమీ కాదు. 2015లో రాజధానికి భూములిచ్చిన రైతులకు ఏటా ఎకరాకు మెట్టకు 30,000, నీటి వసతి బాగా ఉన్న జరీబు భూమికి 50,000 రూపాయల కౌలు పెట్టారు, ఏటేటా కొంత పెంచుతూ పదేళ్లపాటు. దానితోపాటే ఆ ఊళ్లలో భూమి లేని కుటుంబాలకు నెలకు 2,500 రూపాయల పింఛను కూడా పెట్టారు. అది చాలిందా లేదా అన్నది వేరే చర్చ. భూమి చేతులు మారితే ఎవరి పని పోతుందో అన్న ప్రశ్న అయితే అప్పుడు కాగితం మీదికి వచ్చింది.

చివరగా ఫోను నంబరు. ఒక సైటులో నా నంబరు ఇచ్చిన వారానికి సెల్ టవర్ పెడతామని ఫోన్లు మొదలయ్యాయి. నెలకు 45,000 అద్దె, ముందు మాత్రం 'రిజిస్ట్రేషన్' కింద 18,500 కట్టాలట. మనవడు ఇంట్లో లేకపోతే కట్టేసేదాన్నే. టవర్లకు తాము ఏ అనుమతి పత్రమూ ఇవ్వమని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఎన్నోసార్లు ప్రకటించింది. అయినా వాళ్లు పంపిన కాగితం మీద దాని ముద్ర ఉంది. నంబరు ఎవరికి వెళుతుందో చెప్పని సంతలోకి నేను మళ్లీ అడుగు పెట్టను.

మనవడు మొదటి పేజీలో రైతు బొమ్మ తీసేశాడు. 'ఈ చేను ఇప్పుడు ఎవరు చేస్తున్నారు?' అన్నది రెండో ప్రశ్నగా పెట్టాడు. సబ్‌స్టేషన్ల వివరాలు దొరక్క అక్కడే ఆగిపోయాడు. కుసుమ్ మార్గదర్శకాల ప్రకారం ఏ సబ్‌స్టేషన్ ఎంత సౌర విద్యుత్తు తీసుకోగలదో విద్యుత్ పంపిణీ సంస్థలు ప్రకటించాలి. ఆ జాబితా తెలుగులో, మండలాల వారీగా మీ జిల్లా పేజీలో ఒక్కసారి వేయగలరా? కత్తిరించి పాసుపుస్తకంలో పెట్టుకుంటాను.

— ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు