ఉద్యోగి గోప్యత పేరిట ఫైలంతా మూసేయడం తగదు

సంపాదకులకు నమస్కారం.

హైదరాబాదులోని ఒక ప్రభుత్వ కార్యాలయంలో ఉద్యోగుల సర్వీసు వ్యవహారాలు చూసే ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లో పాతికేళ్లకు పైగా పనిచేసి, చివరి నాలుగేళ్లు సహాయ పౌర సమాచార అధికారి బాధ్యత కూడా చూసి రిటైరైన వాణ్ణి. సమాచార హక్కు (స.హ.) దరఖాస్తుకు వచ్చిన జవాబు చదివిపెట్టమని, అప్పీలు రాసిపెట్టమని మా నల్లకుంటలో ఇప్పటికీ నా దగ్గరికి ఎవరో ఒకరు వస్తుంటారు. కొద్ది నెలలుగా వారు తెస్తున్న జవాబులు ఒకే అచ్చులో పోసినట్లు ఉంటున్నాయి: "తాము కోరినది వ్యక్తిగత సమాచారం అయినందున సెక్షన్ 8(1)(జె) ప్రకారం ఇవ్వడానికి వీలుపడదు." ఒక్క వాక్యం, కింద సంతకం, రబ్బరు స్టాంపు. ఆ వాక్యం గురించే ఈ ఉత్తరం.

2005 అక్టోబరు 12న అమల్లోకి వచ్చిన సమాచార హక్కు చట్టంలో ఈ 8(1)(జె) చాలా పొడవైన వాక్యం. అడిగిన వ్యక్తిగత సమాచారానికి ప్రజా కార్యకలాపంతో గాని, ప్రజా ప్రయోజనంతో గాని సంబంధం లేనప్పుడు, లేదా దాన్ని వెల్లడించడం ఒకరి ఆంతరంగిక జీవితంలోకి అకారణంగా చొరబడటం అయినప్పుడు మాత్రమే నిరాకరించవచ్చని, అప్పుడు కూడా విస్తృత ప్రజా ప్రయోజనం ఉందనిపిస్తే ఇచ్చేయాలని అందులో ఉండేది. పార్లమెంటుకో శాసనసభకో కాదనలేని సమాచారాన్ని మామూలు పౌరుడికి కూడా కాదనకూడదన్న మాట దాని వెంటే ఉండేది. నేను సెక్షన్‌లో ఉన్న రోజుల్లో ఆ మాటే నాకు కొలబద్ద. రేపు అసెంబ్లీలో ప్రశ్న వస్తే ఈ వివరం పంపుతామా, పంపమా అని ఆలోచించుకుంటే సగం దరఖాస్తులు అక్కడే తేలిపోయేవి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టంలోని 44(3) సెక్షన్ ఆ క్లాజును తీసేసి, "వ్యక్తిగత సమాచారానికి సంబంధించిన సమాచారం" అన్న నాలుగు మాటలు పెట్టింది. ఆ మార్పు 2025 నవంబరు 14 నుంచి అమల్లోకి వచ్చింది. స.హ. చట్టానికి ఇరవై ఏళ్లు నిండి నెల తిరిగిందో లేదో, ఆ క్లాజులో ఉన్న త్రాసు కాస్తా పోయింది.

ఉద్యోగికి గోప్యత అక్కర్లేదని నేను అనను. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి కేసులో గోప్యత ప్రాథమిక హక్కు అని చెప్పినప్పుడు ప్రభుత్వోద్యోగులను పక్కనపెట్టి చెప్పలేదు. అది లోపిస్తే ఏమవుతుందో కళ్లారా చూసినవాణ్ణి. మా ఆఫీసులో ఒక జూనియర్ అసిస్టెంటు సెలవుల రికార్డు కావాలని పది రూపాయల పోస్టల్ ఆర్డరు జతచేసి ఒకతను దరఖాస్తు పెట్టాడు. అతను ఆమె అత్తింటి తరఫు మనిషని, వారి మధ్య కోర్టులో తగాదా నడుస్తోందని మాకు తరవాత తెలిసింది. ముప్పై రోజుల గడువు ముంచుకొస్తోందన్న కంగారులో సెలవు చీటీలు, వాటి వెనక గుచ్చిన డాక్టరు సర్టిఫికెట్లు అన్నీ కలిపి పదకొండు పేజీలు జిరాక్సు తీయించి, పేజీకి రెండు రూపాయలు కట్టించుకుని ఇచ్చేశాం. కవరింగు లెటరు మీద పొట్టి సంతకం నాది. మూడో వ్యక్తికి చెందిన సమాచారం ఇవ్వదలచినప్పుడు, దరఖాస్తు అందిన ఐదు రోజుల్లోగా ఆ వ్యక్తికి నోటీసిచ్చి, అభ్యంతరం చెప్పుకోవడానికి పది రోజులు గడువివ్వాలని సెక్షన్ 11 చెబుతోంది. మేము ఆమెకు నోటీసు ఇవ్వలేదు. రెండు వారాల తరవాత ఆమె అవే కాగితాలు పట్టుకుని నా టేబుల్ దగ్గరికి వచ్చి, గర్భసంచి ఆపరేషన్ అని డాక్టరు రాసిన చోట వేలు పెట్టి, "సార్, ఇది కూడా ఇవ్వాలా?" అని అడిగింది. అదే పేజీలో పైన ఆమె అద్దె ఇంటి చిరునామా కూడా ఉంది.

ఆ రోజు మా చేతిలో సెక్షన్ 10 ఉంది. ఇవ్వకూడని భాగాన్ని వేరుచేసి మిగతాది ఇవ్వమని చెప్పే సెక్షన్ అది. ఎన్ని రోజులు సెలవు పెట్టారు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఎవరు మంజూరు చేశారు అన్నవి ప్రజలు అడగదగిన విషయాలే, ఎందుకంటే ఆ సీటు ఖాళీగా ఉన్నన్నాళ్లు ఆగిపోయేది వారి పని. రోగం పేరు, ఇంటి అడ్రసు మాత్రం ఆమె సొంతం. వాటి మీద నల్ల స్కెచ్ పెన్నుతో నాలుగు గీతలు కొట్టి ఉంటే సరిపోయేది. అంత చిన్న పని చేయనందుకు నాకు ఈనాటికీ బాధగానే ఉంది.

ఇప్పుడు కార్యాలయాలు అవతలి కొసకు వెళ్లిపోయాయి. ఇటీవల ఔట్‌సోర్సింగు ఏజెన్సీ కింద ఒక ఆఫీసులో పనిచేస్తున్న అటెండరు వచ్చాడు. నెలనెలా జీతంలో పీఎఫ్ కోత పడుతోంది, ఫోన్‌లో పాస్‌బుక్ తీస్తే ఏడు నెలలుగా జమ లేదు. తనలాంటి పధ్నాలుగు మందికి ఆఫీసు తలకు ఎంత చొప్పున ఏజెన్సీకి చెల్లిస్తోందో, పీఎఫ్ కట్టినట్లు ఏజెన్సీ ఏ చలానాలు చూపించి బిల్లు పాస్ చేయించుకుంటోందో తెలపమని అతను దరఖాస్తు పెట్టాడు. వచ్చింది అదే ఒక్క వాక్యం. ఆ బిల్లులో పధ్నాలుగు మంది బ్యాంకు ఖాతా నంబర్లు, యూఏఎన్ (పీఎఫ్ ఖాతాదారు గుర్తింపు) నంబర్లు ఉంటాయి, నిజమే. జిరాక్సు తీసేటప్పుడు ఆ రెండు గడుల మీద తెల్లకాగితం ముక్క అడ్డుపెడితే మిగతాదంతా నిరభ్యంతరంగా ఇవ్వవచ్చు. అలా చేయకుండా బిల్లు మొత్తం దాచినప్పుడు కాపాడింది ఆ పధ్నాలుగు మంది కూలి మనుషుల గోప్యతనా, ఏజెన్సీ లెక్కలనా?

జీతాల విషయంలో మా ఉద్యోగ సోదరులకు కూడా ఒక మాట చెప్పాలి. "నా జీతం ఊరందరికీ ఎందుకు" అని బాధపడేవారు చాలామంది ఉన్నారు. సెక్షన్ 4(1)(బి) కింద ఎవరూ అడగకుండానే ప్రతి కార్యాలయం ప్రచురించాల్సిన పదిహేడు అంశాల్లో తొమ్మిదోది ఉద్యోగుల డైరెక్టరీ, పదోది ఒక్కొక్క ఉద్యోగి నెల జీతం. డేటా చట్టం ఈ సెక్షన్‌ను ముట్టుకోలేదు. తానే ప్రచురించాల్సిన వివరాన్ని దరఖాస్తు పెట్టినవాడికి రహస్యమని చెప్పడం చట్టాన్ని చట్టంతోనే కొట్టడం. పే స్లిప్‌లో ఒక పక్కనుండే మూల వేతనం, కరువు భత్యం, ఇంటద్దె భత్యం ప్రజల డబ్బు లెక్క కాబట్టి ప్రజలు చూడాలి. రెండో పక్క కోతల్లో కనిపించే జీపీఎఫ్ (ప్రభుత్వోద్యోగుల భవిష్య నిధి) అప్పు, సొసైటీ వాయిదా, కోర్టు జప్తు ఆ కుటుంబం గుట్టు.

చిక్కంతా క్రమశిక్షణ చర్యల దగ్గర ఉంది. 2012 అక్టోబరులో గిరీశ్ రామచంద్ర దేశ్‌పాండే కేసులో సుప్రీంకోర్టు మెమోలు, షోకాజు నోటీసులు, శిక్షలు యజమానికీ ఉద్యోగికీ మధ్య విషయాలని, విస్తృత ప్రజా ప్రయోజనం చూపితే తప్ప ఇవ్వనక్కర్లేదని చెప్పింది. ప్రధాన న్యాయమూర్తి కార్యాలయం కూడా స.హ. చట్టం కిందికే వస్తుందని 2019 నవంబరు 13న తేల్చిన ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం సైతం ఇలాంటివాటిని వ్యక్తిగత సమాచారం కిందే లెక్కించింది గాని, గోప్యతనూ ప్రజా ప్రయోజనాన్నీ ప్రతిసారీ తూచి చూడమంది. విచారణ నడుస్తుండగా చార్జి మెమో (ఆరోపణల పత్రం) బయటపెట్టడం తప్పేనని నేనూ ఒప్పుకుంటాను, రుజువుకాని నింద మనిషిని బతికినన్నాళ్లూ వెంటాడుతుంది. విచారణ ముగిసి, ప్రభుత్వ సొమ్ము వాడుకున్నట్లు తేలి శిక్ష పడ్డాక కూడా ఆ ఉత్తర్వు అతని ఇంటి విషయమే అంటే మాత్రం నాకు మింగుడుపడదు. నకిలీ సర్టిఫికెట్టుతో చేరినవారి సంగతీ అంతే. ఆ కాగితం వల్ల ఉద్యోగం పోగొట్టుకున్న వారెవరో ఇంకొకరున్నారు.

8(2) సెక్షన్ అలాగే ఉంది కదా, కలిగే హాని కంటే ప్రజా ప్రయోజనం పెద్దదైతే ఇవ్వవచ్చు కదా అన్నది కేంద్రం వాదన. ఆ "ఇవ్వవచ్చు" అన్న మాటను సెక్షన్‌లో కూర్చున్న సీనియర్ అసిస్టెంటు ఎలా చదువుకుంటాడో నాకు తెలుసు. ఇవ్వకపోతే రోజుకు 250 రూపాయల చొప్పున 25,000 దాకా జరిమానా, అదీ సమాచార కమిషన్ వేస్తేనే. డేటా చట్టంలో 250 కోట్ల దాకా జరిమానాలున్నాయని అతను ఎక్కడో విన్నాడు. సదుద్దేశంతో సమాచారం ఇచ్చినవారికి సెక్షన్ 21 రక్షణ ఉందని మాత్రం అతనికి ఎవరూ చెప్పరు. ఇక రెండో అప్పీలు వినాల్సిన మన రాష్ట్ర సమాచార కమిషనే 2023 ఫిబ్రవరి తరవాత రెండేళ్లకు పైగా ఒక్క కమిషనరూ లేకుండా ఉండిపోయింది, 2025 మేలో గాని నియామకాలు జరగలేదు. అలాంటి చోట నిరాకరించడమే క్షేమమని కింది ఉద్యోగి అనుకుంటే తప్పు అతని ఒక్కడిదే కాదు.

కేంద్ర చట్టాన్ని మార్చడం మన రాష్ట్ర ప్రభుత్వం చేతిలో లేదు గాని, సర్వీసు రిజిస్టరు, సెలవు ఫైలు, పే స్లిప్, ఔట్‌సోర్సింగు బిల్లు వీటిలో ఏ గడి చూపాలో, ఏ గడి మూయాలో చెబుతూ సాధారణ పరిపాలన శాఖ ఒక ఉత్తర్వు ఇవ్వడానికి అడ్డేమీ లేదు. నిరాకరించే ప్రతి జవాబులో సెక్షన్ 10 కింద కొంత భాగమైనా ఎందుకు ఇవ్వలేకపోయారో, 8(2) కింద ప్రజా ప్రయోజనాన్ని ఎలా తూచారో రాయాలని అందులో పెట్టాలి. అవి రాయని ఒక్క వాక్యపు జవాబులను కమిషన్ తిప్పి పంపాలి. ఉద్యోగ సంఘాలు కూడా దీన్ని అడగాలి, ఎందుకంటే మా ఆఫీసులో ఆ జూనియర్ అసిస్టెంటుకు జరిగింది రేపు ఇంకెవరికైనా జరగవచ్చు.

ఆ అటెండరుకు మొదటి అప్పీలు నిన్న రాసి ఇచ్చాను. తనతో పనిచేసే మిగతా పదమూడు మంది ఖాతా నంబర్లు, యూఏఎన్ నంబర్లు కొట్టేసి ఇవ్వండని అందులో అతనే రాయించాడు.

ఇట్లు,
ఒక విశ్రాంత సూపరింటెండెంటు,
నల్లకుంట, హైదరాబాదు