నడుముకు రాడ్లు ఎందుకు వేస్తున్నారో కాగితం మీద రాసివ్వండి

సంపాదకుడు గారికి,

మాది దర్శి దగ్గర పల్లె. మా అమ్మకు 63 ఏళ్లు, నలభై ఏళ్లు పొగాకు చేలల్లో, మిరప చేలల్లో ఒంగి పనిచేసిన మనిషి. రెండేళ్ల కిందట ఇంటి నుంచి రామాలయం దాకా నడిచేలోపే కాళ్లు బరువెక్కి తిమ్మిర్లు పట్టేవి, ఎవరి అరుగు మీదో కాసేపు కూర్చుంటే తగ్గేది, లేచి నడిస్తే మళ్లీ మొదలు. ఎమ్మారై తీయించాం. ఒక ఆసుపత్రిలో ఆ ఫిల్ము చూసి, ఎముకలు అరిగిపోయాయి, స్క్రూలు రాడ్లు వేసి బిగించాలి, లేటయితే కాళ్లు పడిపోతాయి అన్నారు. ఆ మాటతో ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు, నాయన గేదెలకు బేరం కూడా పెట్టాడు.

ఇంకో డాక్టరుకు చూపిద్దామని పట్టుబట్టింది మా చెల్లెలే. ఆయన అమ్మను ముందుకి ఒంగమని, వెనక్కి వాలమని రెండు ఎక్స్‌రేలు తీయించి, ఎముక కదలడం లేదమ్మా, వెన్నులో నరాలు పోయే దారి ఇరుకైంది, దాన్ని వెడల్పు చేస్తే చాలు అన్నారు. అదే చేశారు. ఇప్పుడు ఎక్కడా కూర్చోకుండా గుడికి పోయి వస్తోంది.

రాడ్లు వేయడమే తప్పని నేను అనడం లేదు. మా బాబాయికి ఒక వెన్నుపూస ముందుకు జారింది, ఒంగినప్పుడల్లా ఇంకా కదిలేది, ఆయనకు బిగించాల్సిందే, బిగించాక బాగున్నాడు. విరిగినా, బాగా వంకర తిరిగినా, టీబీ తినేసినా కూడా కొందరికి అవసరమవుతుంది. కానీ నరాల దారి ఇరుకైన 247 మందిని స్వీడన్‌లో రెండు రకాలుగా ఆపరేషన్ చేసి చూస్తే, రెండేళ్ల తర్వాత రాడ్లు వేసినవాళ్లకీ, వేయనివాళ్లకీ చెప్పుకోదగ్గ తేడా లేదని 2016లో తేలింది. పూస జారినవాళ్లలో కూడా చాలామందికి దారి వెడల్పు చేస్తే సరిపోయిందని 2021లో నార్వే వాళ్లు చెప్పారు. ఇక కాలికి పాకకుండా ఒట్టి నడుము నొప్పే ఉంటే, పరిశోధనలో భాగంగా తప్ప ఇలా బిగించే ఆపరేషన్ చేయొద్దని బ్రిటన్ ప్రభుత్వ వైద్య మార్గదర్శకాలు 2016 నుంచీ చెబుతున్నాయి.

ఎమ్మారైలో అరుగుదల అని రాగానే భయపడకండి. ఏ నొప్పీ లేని యాభై ఏళ్లవాళ్లకు తీసినా నూటికి 80 మందికి పూసల మధ్య ఉండే డిస్కు అరుగుదల కనిపిస్తుంది. ఒకసారి బిగిస్తే ఆ జాయింటు ఇక కదలదు, ఆ భారం పైనా కిందా ఉన్న పూసల మీద పడుతుంది, కొందరికి కొన్నేళ్లకు అక్కడా తేడా వస్తుంది. చుట్ట, బీడీ తాగేవాళ్లకు ఎముక అతుక్కోవడం కష్టం, ఆపరేషన్‌కు ముందే మానాలి. ఈ సంగతి మాకు ముందు ఎవరూ చెప్పలేదు.

మా వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగినవాళ్ల సంగతి ఇంకా వేరు. ఆ నీళ్లతో వచ్చే ఎముకల జబ్బు ఫ్లోరోసిస్‌ను 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లాలో గుర్తించారు. ముదిరితే వెన్ను కర్రలా బిగుసుకుపోతుంది, నరాల దారి కూడా మూసుకుపోవచ్చు. డాక్టరుకు మీరు తాగిన బోరు నీళ్ల గురించి తప్పకుండా చెప్పండి.

ఒక్క విషయంలో మాత్రం రెండో అభిప్రాయం అంటూ తిరగొద్దు. మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోయినా, పిరుదుల దగ్గర, తొడల మధ్య మొద్దుబారినా, పాదం ఉన్నట్టుండి పైకి లేవకపోయినా అదే రోజు పెద్దాసుపత్రికి పోవాలి.

ఆసుపత్రులను నేను అడిగేది ఒకటే. రాడ్లు వేయాలని చెప్పినప్పుడు, ఏ పూస ఎంత జారింది, ఒంగి తీసిన ఎక్స్‌రేలో కదులుతోందా, దారి వెడల్పు చేస్తే ఎందుకు సరిపోదు, ఈ మూడూ తెలుగులో కాగితం మీద రాసివ్వండి. మా నాయన లాంటివాళ్లు గేదెలను అమ్మేముందు ఆ కాగితం పట్టుకుని ఇంకో డాక్టరును అడగగలుగుతారు.

ఇట్లు,
ఒక పాఠకుడు, దర్శి