అమ్మ ఆరోగ్య బీమా క్లెయిమ్ డబ్బులు వచ్చాయి, మీ అందరికీ చెప్పాలి కదా!

గురువారం పొద్దున అమ్మ ఖాతాలో 1,86,000 రూపాయలు పడ్డాయి. మెసేజ్ చూసి మోసగాళ్ల పనేమో అనుకుని, ఫోన్ బోర్లా పెట్టేసి మళ్లీ మిషన్ తొక్కుకుంటూ కూర్చుంది. సాయంత్రం నేను స్కూల్ నుంచి వస్తూ పాస్‌బుక్‌లో ఎంట్రీ వేయించి చూపిస్తే గానీ నమ్మలేదు.

సంగతి తెలియనివాళ్లకు కొంచెం చెబుతాను. నాన్న పోయాక జాకెట్లు కుట్టే అమ్మ ఇల్లు నడిపింది. 2018 జూన్‌లో 3 లక్షలకు ఆరోగ్య బీమా తీసుకుంది. ప్రీమియం కోసం కుట్టుకూలిలోంచి కొంత తీసి కందిపప్పు డబ్బాలో దాచేది. ఒక్క ఏడాది కూడా కట్టడం తప్పలేదు. 2024 నవంబరులో అర్ధరాత్రి గుండెనొప్పి వస్తే తెనాలి నుంచి గుంటూరు పరిగెత్తాం. స్టెంట్ వేశారు. కంపెనీ క్యాష్‌లెస్ (ఆసుపత్రికి వాళ్లే నేరుగా కట్టడం) ఇవ్వలేదు సరే, బిల్లు కట్టి కాగితాలు పంపితే జనవరిలో ఉత్తరం వచ్చింది. అమ్మ పదేళ్లుగా బీపీ ఉన్న సంగతి దాచి పాలసీ తీసుకుందట, క్లెయిమ్ ఇవ్వరట, పాలసీ కూడా రద్దట. అరవై దాటి, స్టెంట్ పడ్డ మనిషికి ఇంకెవరు కొత్త పాలసీ ఇస్తారు? డబ్బుకంటే ఆ టెన్షనే మాకు ఎక్కువైంది.

ఈ పదేళ్లు ఎక్కడినుంచి వచ్చాయంటే, ఆ రాత్రి డ్యూటీ డాక్టర్ "బీపీ ఎప్పటినుంచమ్మా?" అని అడిగితే అమ్మ నొప్పితోనే "పదేళ్ల నుంచి బాబూ" అందట. అమ్మకు ఏదైనా పదేళ్లే. మా ఫ్రిజ్ పదేళ్లది, ఎదురింటి వేపచెట్టు పదేళ్లది, నా పెళ్లయి కూడా పదేళ్లేనట (ఆరు!). బీపీ బయటపడింది 2021లో, పాలసీ తీసుకున్న మూడేళ్లకు. కేస్ షీట్‌లో ఆ ఒక్క ముక్క చాలు వాళ్లకు.

ఎదురింటి బాబాయిగారూ, మీకు ఎలా చెప్పాలో తెలియట్లేదు. బీమా ఆఫీసులోనే చేసి రిటైరైన మనిషి మీరు. ఆ ఉత్తరం రెండుసార్లు చదివి, "పాలసీ మొదలు ఎప్పుడమ్మా?" అని ఒక్కటే అడిగారు. 2018 అనగానే కళ్లజోడు తీసి నవ్వారు. అరవై నెలలు ఆగకుండా కట్టిన పాలసీలో, మోసమని రుజువైతే తప్ప, జబ్బు దాచారని క్లెయిమ్ కొట్టేయడానికి లేదని అప్పుడే తెలిసింది. అంతకుముందు ఈ గడువు ఎనిమిదేళ్లు ఉండేదట, 2024 ఏప్రిల్ నుంచి ఐదేళ్లు చేశారట. ఇది ఏజెంటు చెప్పాల్సిన మాట. ఆయన ఫోన్ ఎత్తడమే మానేశాడు.

మందుల షాపు అన్నయ్యా, గిరాకీ మధ్యలో కంప్యూటర్ వెతికి 2021 నాటి మొదటి బీపీ మాత్రల బిల్లు తీసిచ్చారు. డ్యూటీ డాక్టర్ గారూ, ఆ పదేళ్లు పేషెంటు నోటిమాటే, దానికి రికార్డు ఏదీ లేదని రాసి సంతకం పెట్టి ఇచ్చారు. చాలామంది ఆ ఇబ్బంది మాకెందుకని తప్పుకుంటారు.

కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి నెల ఆగాం, జవాబు లేదు. అప్పుడు హైదరాబాద్ లక్డీకాపూల్‌లో ఉన్న బీమా అంబుడ్స్‌మన్ (బీమా కంపెనీల మీద ఫిర్యాదులు విని తేల్చే అధికారి) ఆఫీసుకు పంపాం. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు. కాగితం తక్కువైన ప్రతిసారీ విసుక్కోకుండా ఫోన్ చేసి చెప్పిన అక్కడి మేడమ్‌గారికి దండాలు. విచారణ వీడియోలోనే జరిగింది. అమ్మ ఉతికి ఇస్త్రీ చేసిన చీర కట్టుకుని ఫోన్ ముందు నిలబడింది, ఎంత చెప్పినా కూర్చోలేదు. క్లెయిమ్ ఇవ్వమన్నారు, పాలసీ కొనసాగించమన్నారు. ఉత్తర్వు అందాక కంపెనీకి ముప్పై రోజుల గడువు. ఇరవై ఎనిమిదో రోజున వేశారు, అదీ వాళ్ల తీరు!

మీలో ఎవరికైనా ఇలాంటి ఉత్తరం వచ్చి ఉంటే చించేయకండి. కంపెనీ కాదన్న రోజు నుంచి ఏడాదిలోపు అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లొచ్చు. ముందు బీమా నియంత్రణ సంస్థ (IRDAI) నంబరు 155255కు ఫోన్ చేసినా దారి చెబుతారు. కాగితాలు ఎలా పెట్టాలో తెలియకపోతే ఆదివారం మా ఇంటికి రండి, మా ఫైలు చూపిస్తాను.

చివరికి మా వదిన. ఆ రాత్రి ఆసుపత్రిలో డబ్బు కట్టమన్నప్పుడు, మెడలో గొలుసు తీసి నా పర్సులో వేసి, మీ అన్నయ్యకు నేను చెప్పుకుంటాలే అన్నావు. ఎనిమిది నెలలుగా ప్రతి పెళ్లికీ నల్లపూసలతోనే వెళ్లావు, ఒక్కసారి కూడా అడగలేదు. సోమవారం బ్యాంకు తెరవగానే తాకట్టులోంచి ఆ గొలుసు విడిపిస్తాను వదినా. అమ్మ కూడా వస్తానంటోంది, తన చేత్తో నీ మెడలో వేస్తుందట.