ఆ సీసా వెనక్కి పంపుతున్నాను

కవిటి,
చవితికి పది రోజుల ముందు

చిట్టితల్లికి నాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన సీసా అందింది. నిమ్మజాతి పండ్ల సారమట, షుగరు వల్ల కళ్లూ మూత్రపిండాలూ చెడకుండా కాపాడుతుందట. మీ అమ్మ దాన్ని దేవుడి గూట్లో పెట్టేసింది. ముప్పై ఏళ్లు సైన్సు చెప్పినవాణ్ని, చదవకుండా మింగుతానా? తీసి చదివాను.

అందులో నిజం లేకపోలేదు. రక్తంలో చక్కెర పెరిగితే కంటి కటకంలో ఆల్డోజ్ రిడక్టేజ్ అనే ఎంజైము గ్లూకోజును సార్బిటాల్‌గా మారుస్తుంది. అది సులువుగా బయటికి పోలేక లోపలే పేరుకుని నీటిని లాక్కుంటుంది. కటకం మసకబారుతుంది. నా ఎడమ కంటి శుక్లంలో దాని వంతు కూడా ఉండే ఉంటుంది. నారింజలోని హెస్పెరిడిన్, పంపరపనసలోని నారింజిన్ ఆ ఎంజైమును పరీక్షనాళికల్లో కొంత అడ్డుకున్నాయి. షుగరు తెప్పించిన ఎలుకల్లోనూ మేలు కనిపించింది. అయితే ఎలుక నాలాగా ఎవరూ చూడకుండా మారు అన్నం వడ్డించుకోదు కదా! మనుషుల మీద జరిగిన పరీక్షలు చిన్నవి. వాటిని నమ్ముకుని షుగరు మాత్ర మెట్‌ఫార్మిన్ మానలేను.

నారింజిన్ నీకు కొత్తేమీ కాదు. మన పెరటి పంపరపనస తొక్క తీసి, దూదిలాంటి తెల్లభాగం ఒలిచి, తొన మీది పొర చీలుస్తుంటే నాలుకకు తగిలే చేదు అదే. చిన్నప్పుడు ఆ పొరలన్నీ నా పళ్లెంలోకి తోసేసేదానివి.

ఇప్పుడు ఆ పండే నాకు దూరమైంది. పంపరపనసకూ నారింజకూ పుట్టిన సంకరమే గ్రేప్‌ఫ్రూట్. దాని రసం పేగుల్లో మందులను విరగ్గొట్టే ఎంజైమును ఆపేస్తుంది, నేను రాత్రి వేసుకునే కొలెస్ట్రాల్ మాత్ర అటోర్వాస్టాటిన్ రక్తంలో మోతాదు మించుతుంది. పంపరపనసలోనూ అలా ఆపే పదార్థాలు ఉన్నాయి, తినవద్దని డాక్టరు చెప్పారు. చెట్టు నిండా కాయలు వేలాడుతుంటే చూస్తూ కూర్చుంటున్నాను. నీ సీసా మీద ఏ పండు సారమో కూడా రాయలేదు. మూత్రపిండాల జబ్బుకు కారణం ఇంకా తేలని మన ఉద్దానం ప్రాంతంలో ఉంటూ, చిక్కబరిచిన సారాన్ని రోజూ మింగే ధైర్యం నాకు లేదమ్మా. మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష మాత్రం తప్పకుండా చేయించుకుంటున్నాను.

బాబాయి పలాసలో రైలెక్కి నీ దగ్గరికే వస్తున్నాడు. సంచిలో ఆ సీసా, నాలుగు పంపరపనసలు పెట్టాను. ఒకటి పాలవెల్లికి కట్టు, మిగతావి పిల్లలకు ఒలిచి పెట్టు. ఈసారి పొరలు నీ పళ్లెంలోకే వస్తాయి.

నాన్న