పాట్‌లో వాటా ఎవరిది? హోంశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

తెలంగాణ హోంశాఖ బాధ్యతలు చూస్తున్న గౌరవ మంత్రి గారికి,

నమస్కారం.

నేను క్రిమినల్ కోర్టుల్లో ప్రాక్టీసు చేసే న్యాయవాదిని. కొట్లాట కేసయినా, చెక్ బౌన్స్ కేసయినా "నేను చేసింది తప్పేనా సార్" అని క్లయింటు అడిగితే ఏదో ఒక జవాబు చెప్పగలను. పేకాట కేసు దగ్గరికి వచ్చేసరికి నాకే గొంతులో పచ్చి వెలక్కాయ పడుతుంది. పందెం పెంచుకుంటూ ఆడే పోకర్ అనే పేకాట అయితే మరీను. ఈ లేఖ అందుకే.

రెండేళ్ల కిందట ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు మా ఆఫీసుకు వచ్చారు. తన ఫ్లాట్‌లోనే వారానికోసారి మరో నలుగురు పెన్షనర్లతో కూర్చుని రమ్మీ ఆడతారు. పాయింటుకు పావలా. రాత్రంతా ఓడినా వందో, నూటయాభయ్యో పోతుంది. ఎవరో ఫోన్ చేశారు, పోలీసులు వచ్చారు. మర్నాడు పేపర్లో 'ఐదుగురు పేకాటరాయుళ్ల అరెస్ట్' అని ఫోటోతో సహా పడింది. తలలు వంచుకుని నిలబడ్డ ఐదుగురు ముసలివాళ్లు, ముందు బల్ల మీద ముక్కలు, సెల్‌ఫోన్లు, 1,340 రూపాయలు. నెల రోజులు ఆయన లిఫ్ట్ దిగలేదు. "వకీలు సాబ్, తప్పయితే ఒప్పుకుంటా. ముప్పై ఏళ్లు పిల్లల తప్పులు దిద్దినోణ్ణి, నా తప్పు నేను ఒప్పుకోలేనా? కానీ తప్పో కాదో ముందు మీరు చెప్పండి" అన్నారు.

నేను ఆయనకు సికింద్రాబాద్ కథ చెప్పాను. మీకూ చెప్పాలి, ఎందుకంటే దేశమంతా ఈ విషయంలో ఉదాహరించే తీర్పు మన గడ్డ మీద పుట్టిందే. 1960లలో సికింద్రాబాద్‌లోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్ మీద పోలీసులు దాడి చేసి, రమ్మీ ఆడుతున్నవాళ్లను పట్టుకున్నారు. అప్పటి హైదరాబాద్ గ్యాంబ్లింగ్ చట్టం కింద పెట్టిన ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1967 నవంబరులో కోర్టు తీర్పిచ్చింది. మూడు ముక్కలాట పూర్తిగా అదృష్టం. రమ్మీ అలా కాదు, పడిన ముక్కలు గుర్తుంచుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది వదలాలో తెలియాలి, కాబట్టి అందులో నైపుణ్యమే ఎక్కువ అంది. ఈ మాట అందరికీ తెలుసు. అదే తీర్పులో ఇంకో మాట ఉంది, దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. పందెం కాసి ఆడే ఆట మీద ఇంటి యజమానో క్లబ్బో లాభం తీసుకుంటున్నట్టు సాక్ష్యం ఉంటే, అది రమ్మీ అయినా సరే నేరం కావచ్చు అని. నా లేఖంతా ఈ రెండో మాట మీదే.

మాస్టారికి ఆ కథ విని ప్రాణం లేచివచ్చింది. తర్వాత 2017 సంగతి చెప్పేసరికి మళ్లీ కూలబడ్డారు. ఆ ఏడాది మన ప్రభుత్వం వెంటవెంటనే రెండు ఆర్డినెన్సులు తెచ్చి, 1974 నాటి గేమింగ్ చట్టాన్ని మార్చింది. నైపుణ్యం ఉన్న ఆటలకు ఉన్న మినహాయింపు పోయింది. నైపుణ్యమున్న ఆట మీద డబ్బు పెట్టినా అది జూదమే అయింది. ఆన్‌లైన్ కూడా దాని పరిధిలోకి వచ్చింది. 2020లో ఆంధ్రప్రదేశ్ కూడా ఇదే దారిలో నడిచింది. కోట్లు పోగొట్టుకుని ఉసురు తీసుకుంటున్న కుటుంబాలను చూసి చేసిన చట్టాలివి, ఉద్దేశాన్ని నేను తప్పుపట్టను. కానీ యాప్‌లో లక్షలు మింగే కంపెనీనీ, పావలా పాయింటు మాస్టారినీ ఒకే గాటన కట్టేశాం.

ఇక పోకర్. రమ్మీకైనా సుప్రీంకోర్టు మాట ఒకటుంది, పోకర్‌కు అదీ లేదు. 2017లో గుజరాత్ హైకోర్టు పోకర్ జూదమేనంది. పశ్చిమ బెంగాల్ 1957 చట్టం పోకర్‌ను పేరుపెట్టి మరీ జూదం లెక్కలోంచి తీసేసింది. నాగాలాండ్ 2016లో ఆన్‌లైన్ పోకర్‌ను నైపుణ్యం జాబితాలో చేర్చి లైసెన్సు ఇస్తానంది. తమిళనాడు నిషేధిస్తే, ఆ నిషేధంలోంచి రమ్మీనీ పోకర్‌నూ 2023లో మద్రాసు హైకోర్టు తప్పించింది. అలహాబాద్ హైకోర్టు 2024లో రెండూ నైపుణ్యం ఆటలేనంది. అదే 52 ముక్కల కట్ట. హైదరాబాద్‌లో ఆడితే స్టేషన్, విమానమెక్కి గోవాలోని పణజీలో దిగి మాండవి నదిలో నిలబెట్టిన కేసినో ఓడలో ఆడితే మర్యాదస్తుడైన టూరిస్టు. అంత దూరం కూడా ఎందుకు, మలక్‌పేటలో గుర్రాల మీద టికెట్ తీసుకుని పందెం కాయొచ్చు. గుర్రం పరుగు నైపుణ్యమేనని 1996లో సుప్రీంకోర్టు చెప్పింది కాబట్టి. పందెం కాసేవాడి నైపుణ్యం ఎంతో గుర్రానికే తెలియాలి.

అసలు ఈ 'నైపుణ్యమా, అదృష్టమా' అన్న ప్రశ్నకు పోకర్‌లో తెగే జవాబు లేదు. టెక్సస్ హోల్డెమ్ అనే పోకర్ రకంలో ఒక్కొక్కరికి రెండు ముక్కలు, మధ్యలో అందరికీ కలిపి ఐదు. ఆ ఏడింటిలోంచి మంచి ఐదు ముక్కల కూర్పు ఎవరిదైతే వాళ్లదే గెలుపు. చేతికి రెండు ఏసులు 221 సార్లలో ఒకసారి వస్తాయి. ఏసుల జత, రాజుల జతతో తలపడితే అయిదింట నాలుగుసార్లు ఏసులే గెలుస్తాయి. ఆ అయిదోసారి మాత్రమే చూసినవాడు "ఇది ఒట్టి అదృష్టం" అంటాడు. ఏడాది పొడుగునా లెక్క రాసుకున్నవాడు "ఇది లెక్కల ఆట" అంటాడు. చేతిలో ఏమీ లేకపోయినా మంచి ముక్కలున్నట్టు పందెం పెంచి, ఎదుటివాణ్ని బెదిరించి పాట్ (మధ్యలో పోగైన పందెం సొమ్ము) కొట్టేయడమూ ఇందులో ఉంది. అది నైపుణ్యమా మోసమా అని నన్నడిగితే, మా వృత్తిలో ఉన్నవాళ్లు జవాబు చెప్పకపోవడమే మంచిది.

అందుకే నేనడిగేది, ఆ ప్రశ్న పక్కన పెట్టండి. ఆట నడిపేవాడు ఏం తీసుకుంటున్నాడో చూడండి.

ప్రైవేటు పోకర్ క్లబ్బులు ఎలా నడుస్తాయో మీ పోలీసులకు తెలియంది కాదు. ఫామ్‌హౌసో, అద్దె విల్లానో. బయట బోర్డు ఉండదు. మధ్యలో పోగైన ప్రతి పందెంలోంచి క్లబ్బు కొంత తీసుకుంటుంది, దాన్ని రేక్ అంటారు. ఒక లెక్క వేస్తాను. ఎనిమిది మంది తలా 10,000 తెచ్చి కూర్చున్నారనుకోండి, మొత్తం 80,000. పాట్ సగటున 2,000. క్లబ్బు వాటా 5 శాతం, అంటే ఆటకు 100. గంటకు 25 ఆటలు, ఆరు గంటలు. తెల్లారేసరికి 15,000 క్లబ్బు జేబులో. టేబుల్ మీదికి వచ్చిన డబ్బులో దాదాపు అయిదో వంతు, ఎవరు గెలిచారో ఎవరు ఓడారో అక్కర్లేకుండా. ఆటగాళ్లు ఒకరినొకరు గెలవగలరు కానీ ఆ వాటాను ఎవరూ గెలవలేరు. ఓడినవాడికి అక్కడికక్కడే అప్పిచ్చేది కూడా ఆ క్లబ్బే, ఎందుకంటే ఆట ఆగితే దానికి నష్టం. మాస్టారి ఇంట్లో ఆట ఆగితే ఎవరికీ ఏమీ పోదు, నిద్ర పోతారు. ఈ రెండింటి మధ్య తేడా చూడటానికి పేకముక్కల శాస్త్రం తెలియనక్కర్లేదు, ఎస్సై గారికి ఒక చిట్టా పుస్తకం దొరికితే చాలు.

ఆన్‌లైన్ సంగతి. 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆట ఏదైనా, అందులో నైపుణ్యమున్నా లేకున్నా నిషేధం. నడిపేవాళ్లకు మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. ప్రకటనలకు రెండేళ్లు, 50 లక్షలు. ఆడినవాడు మాత్రం నేరస్థుడు కాడు. (2023 అక్టోబరు నుంచి ఇదే ఆటల్లో జమచేసిన మొత్తం మీద 28 శాతం జీఎస్టీ వసూలు చేశారు, గెలిచినదాని మీద 30 శాతం టీడీఎస్ వేరే. అప్పుడు నైపుణ్యమా అని ఎవరూ అడగలేదు లెండి.)

ఆడినవాణ్ని బాధితుడిగా చూడటం మంచి ఆలోచన. కానీ ఫలితం చూడండి. ఫోన్‌లో లక్షలు పోగొట్టుకున్నవాడు పార్లమెంటు చట్టం దృష్టిలో నేరం చేయలేదు. ఇంట్లో పావలా పాయింటు ఆడిన మాస్టారు మన చట్టం దృష్టిలో నేరస్థుడు. ఇది నాకు అర్థం కాలేదు, ఆయనకు చెప్పడం నా వల్ల కాలేదు.

పైగా ఆ బాధితుడు కూడా మీ దగ్గరికి రాడు. పోయిన ఏడాది ఒక కుర్రాడు వచ్చాడు, పదకొండు లక్షలు పోయాయి. అతను ఆడింది పెద్ద కంపెనీ యాప్‌లో కాదు. విదేశీ యాప్‌లో ఎవరో ఒకరు నడిపే 'క్లబ్' అని ఒకటి ఉంటుంది. యాప్ మాత్రం తన చిప్స్‌కు (డబ్బుకు బదులు వాడే బిళ్లలకు) విలువ లేదని, ఇది సరదా ఆట అని రాసుకుంటుంది. చిప్స్ అమ్మేది వాట్సాప్‌లో ఏజెంటు. వారం పాటు ఆడాక సోమవారం లెక్క తేలుస్తాడు, నగదుగానో, ఎవరిదో పేరు మీదున్న ఖాతాకు యూపీఐ ద్వారానో. యాప్ విదేశంలో, డబ్బు ఇక్కడ, మనిషి వాట్సాప్‌లో. మన రాష్ట్రంలో ఉన్నట్టు తెలియకుండా ఫోన్‌లో లొకేషన్ మార్చుకునే చిట్కా కూడా ఆ ఏజెంటే నేర్పాడు. "స్టేషన్‌కు వెళ్దాం" అంటే కుర్రాడు లేచి నిలబడ్డాడు. "నా మీదే కేసు పెడతారు సార్, వద్దు" అన్నాడు. కాదని ధైర్యం చెప్పడానికి మన రాష్ట్ర చట్టంలో నాకు ఒక్క వాక్యం లేదు.

ఆ వాక్యం మీరు రాయాలి. డబ్బు పోగొట్టుకున్న ఆటగాడు వచ్చి ఏజెంటు పేరు, ఖాతా నంబరు ఇస్తే అతని మీద కేసు ఉండదని స్పష్టంగా చెప్పండి. గేమింగ్ చట్టంలో జూదగృహం అంటే ఏమిటో తిరగరాయండి: పందెంలోంచి వాటా, గంటకు ఇంతని టేబుల్ ఫీజు, ఆడటానికి అప్పు, వీటిలో ఏది తీసుకున్నా ఇచ్చినా అది జూదగృహం, ఆట పేరు రమ్మీ అయినా, పోకర్ అయినా, రేపు పుట్టబోయే ఇంకేదైనా. ఇవేవీ లేకుండా ఇంట్లో తెలిసినవాళ్లు ఆడుకుంటే నేరం కాదని కూడా రాయండి. పందెం ఎంత మించకూడదో ఒక హద్దు పెడతారా, పెట్టండి, నాకు అభ్యంతరం లేదు. క్లబ్బులకు లైసెన్సులిచ్చి నడిపిస్తే మంచిదని నాతోటి లాయర్లు కొందరంటారు. నేను ఒప్పుకోను. లైసెన్సు ఫీజు రుచి మరిగిన ప్రభుత్వం ఆ క్లబ్బుల మీద కన్నెర్ర చేస్తుందని నాకు నమ్మకం లేదు.

ఇంకొకటి, దీనికి చట్టం కూడా అక్కర్లేదు, మీ శాఖ సర్క్యులర్ చాలు. పట్టుకున్నవాళ్లను వరుసగా నిలబెట్టి ఫోటో తీసి పత్రికలకు పంపడం ఆపించండి. కోర్టు ఇంకా ఏమీ తేల్చకముందే ఆ ఫోటో శిక్ష వేసేస్తోంది.

మాస్టారి కేసు వచ్చే నెల మళ్లీ వాయిదాకు వస్తుంది. "ఫైన్ కట్టేసి వదిలించుకుంటా, ఇంక తిరగలేను" అంటున్నారు. ఫైన్ కట్టాలంటే తప్పు ఒప్పుకోవాలి. ఒప్పుకోమనాలో వద్దనాలో తెలియక ఇప్పటికి మూడు వాయిదాలు అడిగాను. మీ శాఖ నుంచి రాతపూర్వకంగా జవాబు వస్తే, అది ఏదైనా సరే, ముందు ఆయనకే చూపిస్తాను.

ఇట్లు,
ఒక న్యాయవాది, హైదరాబాద్